కుప్పను పాతరేస్తామన్న సారు

ఆ గుమ్మం దగ్గర ఎందుకమ్మా, ఇటు నా పక్కకు వచ్చి కూర్చోండి. చాప చాలకపోతే నేను జరుగుతాను. గొంతు పెంచి చెప్పే సంగతి కాదు ఇది. ఇన్నేళ్ళయినా దీన్ని ఎత్తుకునే ముందు ఒకసారి వీధిలోకి తొంగిచూడటం నాకు అలవాటు. జీపు చప్పుడు వినపడితే చాలు, మా ఊరి ఆడవాళ్ళం చేతిలో పని వదిలేసి వడ్ల మూటల మీద పాత చీరలు కప్పిన కాలం అది.

మా ఊరు నెల్లూరుకు తూర్పున, తోటపల్లి గూడూరు దాటి సముద్రం వైపు పోతే వస్తుంది. ఒక పక్క ఇసుక, సరుగుడు తోపులు. ఇంకో పక్క వరి. అరవైల నడిమి ఏళ్ళు. నేను కాపురానికి వచ్చిన కొత్త. ఇంట్లో ఉండేది ముగ్గురం: మా అత్త, మా ఆయన, నేను. మామను నేను చూడలేదు, నేను రాకముందే పోయాడు. మా అత్త మెట్ట ఊళ్ళో పుట్టిన మనిషి. అక్కడ జొన్నలు నేలలో గుంట తీసి, గడ్డి పరిచి, పోసి, మట్టి కప్పుతారు. దాన్నే పాతర అంటారు. ఆ పాతర్ల కబుర్లు చెప్పకుండా ఆమెకు పూట గడిచేది కాదు. పాతరకు పొడి నేల కావాలి, చెమ్మ తగిలితే గింజ కుళ్ళిపోతుంది, మీ సముద్రపు నేలలో పాతర ఎక్కడ నిలుస్తుంది అని మా ఊరిని ఎప్పుడూ ఎత్తిపొడిచేది.

అంతకుముందు ఏడు వానలు ముఖం చాటేశాయి. పండిన కాస్త పంటలో లెవీ కింద సర్కారు వాళ్ళు వచ్చి కొంత కొలిపించుకుని పోయారు. మిగిలింది వేసవి దాకా రాలేదు. మా అత్త సోల ముట్టుకునే ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసేది. ఆ ఏడు ఆ ప్రార్థన రోజురోజుకూ పొడుగైంది, సోలలో బియ్యం రోజురోజుకూ తగ్గాయి. రాగి జావ తాగి, గంజిలో ఉప్పురాయి వేసుకుని ఈదుకొచ్చాం. అందుకే ఆ తరువాతి ఏడు మొలగొలుకుల వరి బాగా పండితే, కోసి కళ్లంలో కుప్ప వేసినప్పుడు మా ఆయన దాని చుట్టూ ఊరికే తిరిగాడు. నాకు అప్పుడు కడుపు. మళ్ళీ పంట దాకా ముగ్గురికీ, పుట్టబోయే బిడ్డకూ ఆ కుప్పే తిండి. వచ్చే పంటకు విత్తనమూ అందులోనిదే. అది చేజారితే మాకు ఇంకో దారి లేదు.

కుప్ప ఇంకా నూర్చలేదు. అప్పుడు వచ్చింది జీపు. దాని వెనక ఒక మూసిన వ్యాను.

దిగినవాళ్ళు సరుగుడు తోపులో డేరాలు వేసుకున్నారు. పొలం గట్ల వెంట సూటిగా ఒక గీత పట్టి, దాని మీద ఎర్రగుడ్డ జెండాలు నాటారు. ఒక జెండా మా కళ్లం పక్కనే పడింది. జెండాల వెంట నల్లటి తీగ పరిచారు. తీగకు అక్కడక్కడ చిన్న చిన్న డబ్బాలు, ఒక్కో డబ్బాకు కింద మేకు. ఆ మేకును కాలితో నేలలోకి తొక్కేవాళ్ళు. దూరంగా ఒక బొరియ తవ్వి అందులో మందు పెట్టి పేల్చేవాళ్ళు. పేలిన చప్పుడు పెద్దది కాదు, కానీ నేల ఒక్కసారి ఉలిక్కిపడేది. ఉట్టి మీద కుండలు ఒకదానికొకటి తగిలేవి.

వాళ్ళకు పెద్ద ఒక కుర్ర సారు. సన్నగా, టోపీ పెట్టుకుని, ఎండకు మాడిపోయి ఉండేవాడు. మద్రాసు అవతల ఎక్కడిదో ఊరు. ఇంట్లో మాట అరవం. తెలుగు చెవితో విని నేర్చుకున్నదే. సూళ్లూరుపేట వైపయితే ఆయన మాట ఎవరైనా పట్టేసేవాళ్ళు. మా వైపు అరవం వచ్చినవాళ్ళు లేరు.

ఒక పొద్దున దాహమని మా పందిట్లోకి వచ్చాడు. అత్త చెంబుతో నీళ్ళిచ్చి, ఆయన తాగేదాకా ఆగి, అడిగింది.

"ఎందుకబ్బయా ఈ తీగలన్నీ? కరెంటు ఇస్తా ఉండారా మాకు?"

"కరెంటు కాదమ్మా. భూమి కింద రాయి ఎట్ల ఉందని చూస్తున్నాం."

"రాయి చూసి ఏం చేస్తారు? బావి తవ్వుతారా?"

"బావి వద్దమ్మా. నీళ్ళు ఉండకూడదు. గట్టి రాయి కావాలి. నీళ్ళు దూరని రాయి."

అత్త నా వైపు చూసింది. భూమి కింద నీళ్ళు లేకపోతే బాగుండును అనే మనిషిని మేం అంతవరకు చూడలేదు.

"నీళ్ళు లేని రాతిలో ఏం పెడతారు నాయనా?"

ఆయన మాట కోసం వెతుక్కున్నాడు. చేత్తో గాలిలో గుట్టలాగా గీశాడు. "కుప్ప అమ్మా. కుప్ప ఉంది కదా? దాన్ని బాగా లోతుగా పెట్టి, పైన మూసేయాలి."

"ఎవరి కుప్ప?"

"గవర్నమెంటు కుప్ప."

"యాడ నుంచి తెస్తారు?"

"చాలా చోట్ల నుంచి వస్తుంది. ఇప్పుడు కొంచెమే. ముందు ముందు చాలా వస్తుంది."

"పాతరేస్తారన్నమాట."

"పాతర... పాతిపెట్టడమా? ఆ, అదే అదే."

"మళ్ళీ ఎప్పుడు తీస్తారు?"

"తీయకూడదమ్మా!" అని ఆయన నవ్వాడు. "ఎవరూ తీయకూడదు. ముట్టుకుంటేనే ప్రమాదం. అందుకే కదా ఇంత జాగ్రత్త."

ఆయన టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. అత్త చెంబు చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడింది.

"విన్నావామ్మే? ముట్టుకుంటే ప్రమాదమంట. జైల్లో ఏస్తామని నవ్వతా చెప్పి పోయినాడు."

మధ్యాహ్నం అన్నానికి వచ్చిన మా ఆయనతో ఇదంతా చెప్పింది. ఆయన ముద్ద మింగి, నెమ్మదిగా అన్నాడు: "ఆయన అరవాయన గదమ్మా. ఇంకేదో చెప్పబోయి ఉంటాడు."

"కుప్ప అంటే కుప్పేరా. అరవంలో అయితే కుప్ప కొబ్బరికాయ అయిపోతాదా? గట్టి నేల కావాలంట, చెమ్మ తగలగూడదంట. పాతర సంగతి నాకు చెప్పొస్తాడా? నేను పాతర పక్కన పుట్టినదాన్ని."

ఆ మాట మా పందిరి దాటడానికి ఎంతోసేపు పట్టలేదు. మా పక్కింటామె ఉండేది. అత్తకు చెల్లెలి వరస, నాకు చిన్నత్త. గోడ అవతల నిలబడి మా ఇంటి మాటలు వినడం, వాటికి ఇంకాస్త చేర్చి ఊరికి పంచడం ఆమెకు ఇష్టం. ఆమె వచ్చి చతికిలబడింది.

"నెల్లూరులో అంగళ్ళలో బియ్యం దొరకడం లేదంటే ఎందుకనుకున్నావక్కా? ఇదిగో, ఇందుకే. పైనుండే బియ్యమంతా కిందికి పోతా ఉండాది."

"మన కళ్లం పక్కన జెండా నాటినారు చూసినావా?" అంది అత్త.

"గుర్తు పెట్టుకున్నారక్కా. ఇంకో మాట చెప్తా విను. ఆ డబ్బాలుండాయే, అవి చెవులంట! వాళ్ళ కూలీనే చెప్పినాడు నాతో. భూమికి చెవులు పెడతారంట."

"ఏం వినేదానికి?"

"మనం యాడ గుంట తవ్వి వడ్లు దాస్తామో వినేదానికి. ఇంకేంటికి?"

నాకు నవ్వు రాబోయింది. కానీ నవ్వలేదు. ఆ మాటకు అడ్డం చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. లెవీ వాళ్ళు కొలిచేది వడ్లు, వెతికేది వడ్లు. జెండా మా కళ్లం పక్కనే ఉంది. చెవులు మా గట్టు మీదే ఉన్నాయి. నీళ్ళు లేని నేల కోసం చదువుకున్నవాళ్ళు జీపేసుకుని తిరుగుతున్నారు. ఏ పక్క నుంచి చూసినా చిన్నత్త మాటకే బలం దొరుకుతోంది.

ఇక ఊరు ఊరంతా ఒక్కసారిగా నూర్పిడికి దిగింది. ఎడ్లను కట్టి పనలు తొక్కించారు. మా కుప్ప విప్పుతుంటే అత్త ఆ జెండా వైపు వీపు పెట్టి అడ్డం నిలబడింది, జెండాకు కళ్ళున్నట్టు. వడ్లను వడ్లుగా ఉంచితే లెవీకి చిక్కుతాయి. మిల్లుకు తోలితే లెక్క బయటపడుతుంది. గుంట తీసి దాచుదామంటే చెవులున్నాయి. మిగిలిన దారి ఒకటే. రోట్లో పోసి దంచి బియ్యం చేసి, కుండల్లో, బానల్లో, పెట్టెల్లో, దిండు గలీబుల్లో కూడా దాచుకోవడం.

పొద్దు పొడిచిన దగ్గర్నుంచి దీపాలు పెట్టేదాకా ప్రతి ఇంట్లో రోకలి పోటు. ఒక ఇంట్లో ఆగితే ఇంకో ఇంట్లో ఎత్తుకునేవాళ్ళు. హుస్సు హుస్సుమని ఊపిరి, దాని వెంట దబ్బుమని పోటు. నా కడుపు చూసి అత్త నన్ను రోకలి పట్టనివ్వలేదు. చెరగడం, నూకలు వేరు చేయడం నా వంతు. తవుడు ఎగిరి మా అత్త కనుబొమ్మలు తెల్లబడిపోయాయి.

అప్పుడు ఆ సారు మనిషి ఒకడు ఇంటింటికీ తిరిగి, పొద్దుటి పూట మేం మందు పేల్చేటప్పుడు మీరు రోకళ్ళు ఆపాలి, ఎడ్లను తొక్కించకూడదు అని చెప్పి పోయాడు.

"చూసినావా!" అంది అత్త. చెంగుతో ముఖం తుడుచుకోవడం కూడా మర్చిపోయి. "దంచబాకండని చెప్పి పంపించినారు. దంచితే వాళ్ళకేం నష్టం? బియ్యమైతే వాళ్ళ పాతరకు పనికిరాదు, పురుగు పడతాది. వడ్లయితేనే నిలవుంటాయి. అందుకే దంచొద్దంటా ఉండారు."

అంతవరకు ఎంతో కొంత అనుమానంతో ఉన్న ఇళ్ళవాళ్ళు కూడా ఆ కబురుతో రోకళ్ళు ఎత్తారు. మరుసటి పొద్దున వాళ్ళ మందు పేలింది కూడా మాకు సరిగ్గా వినపడలేదు, అంత దంచాం.

మా వడ్లు అయిపోయాయి. మిగిలింది విత్తనం. పేడతో అలికిన వెదురు బుట్టలో పోసి, మూత వేసి, మూతను కూడా అలికి పక్కన పెట్టాడు మా ఆయన. ఏరి ఏరి తీసిన గింజ. ఆ బుట్ట దగ్గరకు అత్త వెళ్ళి మూత మీద చెయ్యి వేసింది.

మా ఆయన చేతిలో పలుపుతాడు వదిలేసి వచ్చాడు. "అది విత్తనం అమ్మా."

"తెలుసు."

"దంచితే రేపు ఏం చల్లుతాం?"

"వాళ్ళు పట్టుకుపోతే మటుకు ఏం చల్లుతావు? కనీసం తినేదానికన్నా ఉంటాది."

 ఆయన రోటికి పోయే దారికి అడ్డంగా నిలబడ్డాడు. తల్లికి ఎదురు నిలబడటం నేను చూసింది అదే మొదలు. అత్త చేతి కింద అలికిన పేడ బీటలిచ్చింది, మూత ఇంకా లేవలేదు. నేను చేట పట్టుకుని, వాళ్ళిద్దరిలో ఎవరి వైపు మాట్లాడాలో తెలియక నేల చూస్తున్నాను. విత్తనం గింజ రోట్లో పోస్తే ఆ ఇల్లు వచ్చే ఏడు అడుక్కు తినాలి. పోయకపోతే ఈ ఏడే జెండా వాళ్ళకు ఇచ్చేయాలి. నాకు అట్లా తోచింది.

అప్పుడే పందిట్లో బూట్ల చప్పుడు. సారు. టోపీ చేతిలో ఉంది. చంకలో ఒక కాగితం చుట్ట.

అరుగు మీద కూర్చుని, బతిమాలినట్టు అన్నాడు. "అమ్మా, ఒక్క పూట. ఒక్క పూట ఆపండి. నా పని అంతా పాడైపోతోంది."

"మా వడ్లు, మా రోలు, మా చేతులు. నీకేం కడుపునొప్పబ్బయా?"

ఆయన కాగితం చుట్ట విప్పాడు. నున్నగా మెరిసే పొడుగాటి కాగితం. దాని మీద ఈ కొస నుంచి ఆ కొసకు సన్నటి గీతలు. ప్రతి గీతా వణుకుతోంది, జ్వరం వచ్చిన మనిషి ముగ్గు వేసినట్టు.

"ఇది మీరు," అన్నాడు వేలు పెట్టి. "ఇదీ మీరే. ఈ మొత్తం మీరే. మా మందు పేలిన దెబ్బ ఇందులో ఎక్కడుందో నాకే దొరకలేదు."

చిన్నత్త గోడ అవతల నుంచి వచ్చేసింది. కాగితం మీదికి వంగి, "ఇందులో నా రోకలి యాడుందబ్బయా?" అని అడిగింది.

"అన్నీ కలిసిపోయినాయమ్మా."

"నాది గట్టి పోటు. కనపడాలే."

"బాగయింది," అంది అత్త. "వినపడకపోతే పోండి. మా వడ్లు పాతరేసే రాయి మీకు దొరకనే గూడదు."

సారు తలెత్తాడు. "మీ వడ్లా? మీ వడ్లు నాకెందుకమ్మా?"

"నువ్వే గదబ్బయా చెప్పినావు! నా పందిట్లో కూర్చోని, నా నీళ్ళు తాగి చెప్పినావు. కుప్పను లోతుగా పాతరేస్తామని."

"అవును, కుప్ప..." ఆయన ఆగిపోయాడు. మా ఆయన వైపు తిరిగాడు. "అన్నా, కుప్ప అంటే మీకు ఏమిటి?"

మా ఆయన చిన్నత్త వాళ్ళ కళ్లంలో ఇంకా నూర్చకుండా మిగిలిన వరికుప్పను చూపించాడు.

సారు నుదుటి మీద చెయ్యి పెట్టుకుని నవ్వాడు. మా ముఖాలు చూసి నవ్వు ఆపుకున్నాడు. లేచి దొడ్డి మూలకు వెళ్ళాడు. పొద్దున నేను ఊడ్చి పోసిన గుట్ట ఉంది అక్కడ, బూడిద, ఎండుటాకులు, పగిలిన పెంకులు. దాన్ని బూటుతో తాకి, "ఇది! మా ఊళ్ళో దీన్ని కుప్ప అంటారు," అన్నాడు.

"అది చెత్త," అంది అత్త.

"చెత్త! ఆ మాటే అమ్మా. చెత్తకుప్ప, చెత్తకుప్ప అని మీవాళ్ళు అంటుంటే విన్నాను. మా మాటే కదా అని కుప్ప అనేశాను. చెత్త పాతిపెట్టడానికి రాయి చూస్తున్నాం."

మాకు ఊపిరి ఆడింది. అయితే ఎంతోసేపు కాదు. అత్త కళ్ళు చిన్నవి చేసుకుంది.

"చెత్త పూడ్చేదానికా మద్రాసు నుంచి జీపేసుకుని వచ్చినారు? మా పెంటదిబ్బ చాలదా?"

ఆయన మళ్ళీ అరుగు మీద కూర్చున్నాడు. ఈసారి ప్రతి మాటా నిలిపి నిలిపి చెప్పాడు, మధ్యలో ఇది అర్థమైందా అని అడుగుతూ. అణువు నుంచి కరెంటు తీసే పద్ధతి ఒకటి వస్తోందట. పొయ్యిలో కట్టె కాలితే బూడిద మిగిలినట్టు, అందులోనూ ఒకటి మిగులుతుందట. దానికి వాసన లేదు. కంటికి దాని విషం కనపడదు. దగ్గరికి పోయిన మనిషి రక్తం చెడుతుంది. నీళ్ళు తగిలితే ఆ నీళ్ళు దాన్ని మోసుకుపోయి ఎవరి బావిలో కలుపుతాయో చెప్పలేం. అందుకే పగుళ్ళు లేని రాతి కడుపులో పెట్టి మూసేయాలని పెద్దవాళ్ళ ఆలోచన. ఎలాంటి రాయి తగుతుందో తెలుసుకోవడానికి చాలా చోట్ల నేలను తట్టి చూస్తున్నారు. ఇక్కడే పెడతారని కాదు.

"తట్టి చూడటమంటే?"

"మీరు సంతలో కడవ కొంటే ఏం చేస్తారమ్మా?"

"ఏళ్ళతో కొట్టి చూస్తాం. మంచి కడవయితే ఖంగుమంటాది, బీటుంటే బొద్దుమంటాది."

"మేం మందుతో కొడతాం. ఆ డబ్బాలతో వింటాం. పగులు లేని రాతిలో దెబ్బ వేగంగా పరిగెత్తుతుంది. పగుళ్ళు, నీళ్ళు ఉంటే తడబడి ఆలస్యంగా వస్తుంది."

నేను ఆ ఇంట్లో మగవాళ్ళ ముందు, అందులోనూ పరాయివాళ్ళ ముందు, నోరు తెరిచేదాన్ని కాదు. అప్పుడు అడిగాను. "ఆ విషం ఎన్నాళ్ళుంటుంది సారూ?"

ఆయన నా వైపు చూశాడు. నా కడుపు వైపు చూసి, చూపు తిప్పుకుని, "చాలా తరాలు," అన్నాడు.

 అత్త అంది: "పట్టుకుపోతారని భయపడి చస్తా ఉంటే, తెచ్చి పెట్టేదానికి వచ్చినారా?"

"పగులు ఉంటే తేరమ్మా. అందుకే ఆపమంటున్నాను. మీ రోకళ్ళ చప్పుడులో పగులు ఉన్నా నాకు వినపడదు. ఉన్న పగులు కనపడకుండా పోతే, ఈ రాయి బాగుందని ఎవరైనా అనుకోవచ్చు."

"నమ్మబాకక్కా!" చిన్నత్త గట్టిగానే అంది, ఆయన ఎదురుగానే. "రోకళ్ళు ఆపించేదానికి కొత్త కత చెప్తా ఉండాడు. మొన్న కుప్ప అన్నాడు, ఈరోజు చెత్త అంటా ఉండాడు. రేపు ఇంకోటంటాడు."

అత్త చాలాసేపు ఆ వెదురు బుట్ట వైపు చూసింది. ఆ తరువాత మాట్లాడింది సారుతో కాదు, మాతో.

"ఈయన చెప్పేది నిజమనుకో. పగులుంటే పోతారు. అబద్ధమనుకో, వడ్ల పాతరకే వచ్చినారనుకో. పగులుంటే పాతరలోకి చెమ్మ దిగతాది, గింజ మొలకెత్తతాది, అప్పుడూ పోవాల్సిందే. ఈయన దొంగయినా దొరయినా, పగులుంటే అది ఈయన చెవిన పడటమే మనకు మేలు."

"లేకపోతేనో?" అంది చిన్నత్త.

"లేకపోతే మళ్ళా దంచుదాం. రోకళ్ళు యాడికి పోతాయి?"

అని, సారు వైపు తిరిగింది. "ఒక పూట ఆపుతాం. నేను మీ బండి దగ్గరే కూర్చుంటా. కాగితం నా ముందర తీయాల. నా ముందర చూడాల."

"సరే అమ్మా," అన్నాడు ఆయన. విత్తనం బుట్ట మూత మీద నుంచి అత్త చెయ్యి తీసింది. మా ఆయన అప్పుడు పక్కకు జరిగాడు.

మరుసటి పొద్దున మా ఊరు ఎట్లా ఉందో నేను చెప్పలేను. రోకళ్ళన్నీ గోడల వెంట నేల మీద పడుకోబెట్టి ఉన్నాయి. ఎడ్లను రాట నుంచి విప్పి దూరంగా తోలారు. ఆడవాళ్ళు గడపల్లో కూర్చుని ఒకరినొకరు కనిపెట్టుకుని ఉన్నారు, ఎవరైనా దొంగతనంగా దంచుతారేమోనని. నడవాల్సి వస్తే పిల్లల్ని ఎత్తుకునే నడిచారు. చిన్నత్తకు దగ్గు వచ్చింది. చెంగు నోట్లో కుక్కుకుంది. ఇంత కట్టడిలోనూ ఎవరిదో పుంజు కూసింది. ఊరంతా నవ్వబోయి నోళ్ళు మూసుకున్నాం.

దెబ్బ వచ్చింది. అప్పటిదాకా అది గాలిలో చప్పుడుగానే తెలిసేది. ఆ రోజు పాదాల కింద తెలిసింది. మన కింద ఎవరో ఒక్కసారి ఒత్తిగిలినట్టు. కాసేపటికి ఇంకోటి. ఇంకాసేపటికి ఇంకోటి. ప్రతి దెబ్బ తరువాతా మేం తలలు వంచి నేల చూశాం, మాకు కూడా ఏదో వినపడుతుందన్నట్టు.

ఎండ ఎక్కాక వ్యాను తలుపు తీశారు. మా అత్త అక్కడే ఇసుకలో కూర్చుని ఉంది. నేనూ మా ఆయనా వెళ్ళి వెనక నిలబడ్డాం. ఫోటో కడిగినట్టు లోపల కడిగిన తడి కాగితాన్ని సారు కొసలు పట్టుకుని తెచ్చాడు. పులిసిన కల్లు లాంటి ఘాటు వాసన. ఈసారి గీతలు వణకలేదు. తిన్నగా వచ్చి, ఒకచోట అన్నీ ఎగిరాయి.

"పగులుందా అబ్బయా?"

ఆయన ఒక చోట వేలు పెట్టాడు. "ఇక్కడి దాకా బాగా వచ్చింది. ఇక్కడ ఆలస్యమైంది. పగులు కావచ్చు. మెత్తటి రాయి కావచ్చు. పెద్దాఫీసులో చూసి తేలుస్తారు."

"తేల్చి ఎవరికి చెప్తారు?"

"పైవాళ్ళకు."

"మాకు?"

 ఆయన కాగితాన్ని ఎండలో ఆరేసి, అది ఆరేదాకా దాని వైపే చూస్తూ నిలబడ్డాడు.  ఇంటికి వచ్చే దారిలో మా ఆయన, "ఉందనో లేదనో చెప్పుంటే నమ్మేవాణ్ణి, చెప్పకపోయేసరికే అనుమానంగా ఉండాది," అన్నాడు.

కొన్నాళ్ళకు డేరాలు ఎత్తారు. జెండాలు పీక్కుపోయారు. మేకులు దిగిన బొక్కల్లో మొదటి వానకు ఇసుక నిండింది. కుండల్లో, గలీబుల్లో దాచిన బియ్యానికి వేసవిలోనే పురుగు పట్టింది. చేటల్లో పోసి ఎండకు పెట్టి, ఏరి, కడిగి వండుకున్నాం. సగానికి సగం నూక. ఊళ్ళో ఎవరూ ఎవరినీ అనలేదు, అందరం దంచినవాళ్ళమే. లెవీ వాళ్ళు వచ్చి ఖాళీ కళ్లాలు చూసి తిట్టి పోయారు. అదే మా పిల్ల పుట్టిన నెల. ఆ పురుగుల బియ్యంతోనే నాకు పథ్యం పెట్టింది అత్త, ఒక్కో గింజా ఏరి.

చెత్త తెచ్చి పెట్టడానికి ఎవరూ రాలేదు. పగులు ఉండబట్టి రాలేదో, ఇంకెక్కడో మంచి రాయి దొరికి రాలేదో, అసలు ఆ ఆలోచనే మానుకున్నారో మాకు ఎవరూ చెప్పలేదు. మా అత్త అయితే చెత్త సంగతిని కడదాకా నమ్మలేదు. "చెత్త కోసం అంత లోతు గుంట తవ్వే పిచ్చోళ్ళుంటారామ్మే? వాళ్ళు వడ్లకే వచ్చినారు. ఆ అబ్బయ్య మంచోడు, మన ముఖాలు చూసి సిగ్గుపడి మాట మార్చినాడు," అనేది. నేను ఎదురు చెప్పేదాన్ని కాదు. కానీ ఆయన నా కడుపు చూసి చూపు తిప్పుకున్నది నేను చూశాను. వడ్ల కోసం వచ్చిన మనిషి అట్లా చూపు తిప్పుకోడు.

ఆ ఏడు తొలకరికి మా ఆయన విత్తనం బుట్ట మూత పగలగొట్టాడు. గింజ చెక్కుచెదరలేదు. ఆ జెండాల గీత వెళ్ళిన మడి దగ్గర మాత్రం చెయ్యి ఆపి, అత్త వైపు చూశాడు. ఆమె గట్టు మీద నిలబడి ఉంది.

"చల్లరా," అంది. "ఇది మన నేల."

ఇంత ఓపిగ్గా విన్నారు. మీ పొయ్యి ఏ పూటా చల్లారకుండా, మీ బావి నీళ్ళు తరతరాలు తీపిగా ఊరేటట్టు, మీ ఇంట్లో పుట్టేవాళ్ళు పెద్దవాళ్ళ చేతుల్లో నవ్వుతూ పెరిగేటట్టు ఆ ప్రభువు మీ గడపను కాచుకోవాలి.